ఎనిపిన ఆకుకూరకు సట్టి, సన్నసెగ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎనిపిన ఆకుకూర, అదే పప్పుగుత్తితో మెదిపే కూర, పసరువాసన వస్తోందనీ, పప్పు ఎంతసేపటికీ మెత్తబడటం లేదనీ రాశావు. అన్నీ ఒకేసారి మట్టిసట్టిలో వేసి మూతపెట్టేస్తే రెండూ జరుగుతాయి. పులుపు తగిలాక పప్పు ఉడకదు. చుక్కకూరయినా గోంగూరయినా చింతపండయినా, పప్పు పలుకు పోయిన తర్వాతే వెయ్యాలి. మీ కనిగిరి వైపు బోరునీళ్ళు కూడా పప్పును ఉడకనివ్వవు, తాగే నీళ్ళే పొయ్యి.

నలుగురికి కందిపప్పు 50 గ్రాములు, తోటకూర పావుకిలో, చుక్కకూర 100 గ్రాములు, పచ్చిమిరపకాయలు ఆరు, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ఒకటి చాలు. చుక్కకూర ఉంటే చింతపండు అక్కర్లేదు.

ఆకును కోసి కడగొద్దు, కడిగి కొయ్యి. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి ముంచి, ఆకును చేత్తో పైకి తియ్యాలి. గిన్నె వంచేస్తే అడుగున దిగిన ఇసక మళ్ళీ ఆకుకే అంటుతుంది. మూడు నీళ్ళు మార్చు. తోటకూర కాడలు పారెయ్యకు, నార తీసి అంగుళం ముక్కలు చెయ్యి.

అరగంట నానిన పప్పును రెండు గ్లాసుల నీళ్ళతో, చిటికెడు పసుపుతో సన్నసెగన పెట్టు. ముప్పావుగంట పట్టొచ్చు. నీళ్ళు తగ్గితే వేణ్ణీళ్ళే పొయ్యి. పప్పు వేళ్ళమధ్య నలిగాక కాడలు, ఎర్రగడ్డ, మిరపకాయలు వేసి ఎనిమిది నిమిషాలు ఉంచి, అప్పుడు తోటకూర వెయ్యి. మొదటి ఐదు నిమిషాలు మూత వద్దు. పసరువాసన ఆవిరితో పోవాలి, రంగూ నిలుస్తుంది. నీళ్ళు మాత్రం ఇక పొయ్యొద్దు, ఆకులోనే బోలెడు నీరుంది. పావుగంటకు చుక్కకూర వేస్తే ఐదు నిమిషాల్లో కరిగిపోతుంది.

ఎనపడం దగ్గరే చాలామంది కూర చెడగొడతారు. నీళ్ళతోపాటే పప్పుగుత్తి తిప్పితే ముక్క జారిపోతుందే తప్ప నలగదు. ముందు కట్టు, అంటే పప్పూ ఆకూ ఉడికిన నీళ్ళు, వేరే గిన్నెలోకి వార్చు. ఉప్పు ఇప్పుడే వెయ్యి, ఆకు దగ్గరపడకముందు వేస్తే అంచనా తప్పుతుంది. గట్టిగా ఎనిపి, వార్చిన కట్టును కొద్దికొద్దిగా కలుపు. ఆకు అక్కడక్కడా తగలాలి. మిక్సీలో వేస్తే జిగురుముద్ద అవుతుంది, ఆ పని చెయ్యకు తల్లీ.

తిరగమోతకు వేరుశనగ నూనె రెండు చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు, దంచిన తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు ఆరేడు. తెల్లగడ్డ ఎర్రబడితే చాలు, నల్లబడితే చేదు.

కొత్త సట్టిని ఒక పగలూ రాత్రీ నీళ్ళలో నానబెట్టి, బియ్యం కడుగు పోసి కాచాకే వాడు. ఖాళీ సట్టి పొయ్యిమీద పెట్టొద్దు. దించినదాన్ని తడిబండమీద పెడితే పగులుతుంది, చుట్టకుదురు వేసుకో. సబ్బు మట్టిలోకి ఇంకుతుంది, శనగపిండితో తోము. పొయ్యి ఆర్పినా సట్టి వేడికి కూర ఇంకాసేపు ఉడుకుతుంటుంది కాబట్టి కొంచెం జారుగా ఉన్నప్పుడే దించు.

మిగిలినది స్టీలు గిన్నెలోకి తియ్యి, పుల్లకూర అల్యూమినియంలో వద్దు. పులుపు ఎక్కువైతే నీళ్ళతో పలచన చెయ్యకు, ఉడికిన పప్పు గరిటెడు ఎనిపి కలిపితే సరిపోతుంది.