తాతయ్య మెడల్స్ మార్చేస్తానంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మావారికి 48 ఏళ్లు, విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. మూడేళ్లుగా పాత మిలిటరీ సామాన్ల పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే పాతసామాన్ల కొట్ల వెంట తిరగడమే. నాకు చెప్పకుండా నా గాజులు రెండు తాకట్టు పెట్టారు. మొన్న బీరువా సర్దుతుంటే పొడవాటి బాయ్‌నెట్ (తుపాకీ మొనకు బిగించే కత్తి), గుడ్డసంచిలో ఐదు తూటాలు బయటపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) పనిచేసిన మా తాతయ్య (నాన్న నాన్న) మెడల్స్ మూడు నా దగ్గరున్నాయి. అందులో రెండు స్టార్లు (నక్షత్రం ఆకారపు మెడల్స్) ఇచ్చి, ఒక వ్యాపారి దగ్గర మొదటి యుద్ధం నాటి వెండి మెడల్ తెచ్చుకుంటానంటున్నారు. సంక్రాంతికొచ్చిన మా తమ్ముడు ఈ సంగతి విని అలిగి వెళ్లిపోయాడు, ఫోనెత్తడం లేదు. ఇది చాలక మా అత్తగారు ఇంట్లో మెడల్స్ అన్నీ చింతపండుతో తోమి పెట్టారు. అన్నిటినీ పాత ఇనపసామాన్ల వాడికి వేసేస్తే పీడ విరగడవుతుందా?
— ఓ సోదరి

జవాబు: వేసేయకండమ్మా. పీడ అంటూ ఉంటే అది ఆ తూటాల సంచిలో ఉంది. గాజుల సంగతీ, తమ్ముడి సంగతీ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. తూటాలు ఆగవు.

తూటా అడుగున మధ్యలో గుండ్రటి చిన్న బిళ్ళ ఉంటుంది. దాని మీద సొట్ట లేకుండా, పైన గుండు అలాగే బిగించి ఉంటే అది పేలని తూటా కిందే లెక్క. సొట్ట ఉన్నంత మాత్రాన పేలిపోయిందనీ కాదు, పేలకుండా తుస్సుమన్నదీ అయ్యుండొచ్చు. ఎనభై ఏళ్ల నాటిదైనా లోపల మందు పనిచేయదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ పరీక్ష మీరు చేయాల్సిన పని లేదు. ఊపడం, గుండు పీకడం, రంధ్రం చేయడం, ఎండలో పెట్టడం ఏదీ వద్దు. బస్సులో, రైల్లో మోసుకెళ్లొద్దు. బందరు కాలవలో పడేసి చేతులు దులుపుకోవడం మరీ తప్పు, రేపు ఏ పిల్లాడి చేతికో దొరుకుతుంది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఇంట్లో ఉన్నా 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరమే, పాతదన్న సాకు నిలబడదు. కాబట్టి ముందు ఒక వకీలుతో మాట్లాడి, ఆ రోజే మీవారి చేతనే పోలీస్ స్టేషన్‌కు కబురు చేయించండి. వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. అంతదాకా ఆ గదికి తాళం వేయండి.

బాయ్‌నెట్ సంగతి కొంచెం వేరు. లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీకి పెట్టే 1907 నమూనా బాయ్‌నెట్ అయితే అలుగు, అంటే కత్తి పదునుభాగం, 17 అంగుళాలుంటుంది. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు మించిన అలుగున్న కత్తులు, బాయ్‌నెట్లు ఐదో కేటగిరీలో ఉన్నాయి. వీటికి లైసెన్సు కావాలా వద్దా అన్నది ఆ ప్రాంతానికి ప్రభుత్వ నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ జవాబు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తెప్పించుకోమనండి.

ఇక తాతయ్య మెడల్స్. ఆ మార్పిడి ఆపించండి. మొదటి కారణం, అవి మీవారివి కావు. మీ నాన్నగారి తర్వాత మీ అమ్మగారికీ మీకూ మీ తమ్ముడికీ హక్కుంది, నాన్నగారికి తోబుట్టువులుంటే వాళ్ల వైపు వాళ్లకూ ఉంటుంది. అల్లుడికి లేదు. మీ తమ్ముడి అలక న్యాయమైనదే.

రెండో కారణం మీవారికే బాగా అర్థం కావాలి. మన సైనికులకిచ్చిన రెండో యుద్ధం స్టార్ల వెనక, వార్ మెడల్ అయితే అంచు మీద, నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఇచ్చారు. బ్రిటిష్ సైనికులకిచ్చినవి పేరు లేనివి. అంటే మీ ఇంట్లో ఉన్నది పేరు చెక్కి ఉన్న, ఒకే మనిషి తాలూకు సెట్టు: బహుశా 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్. రెండు ఒకచోటికి, ఒకటి ఇంకోచోటికి వెళ్తే మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. విడివిడిగా వాటి విలువా పడిపోతుంది. ఇంత తిరిగిన మనిషికి ఈ మాట తెలియకపోదు. కొత్త వస్తువు మీద ఆశ అలా చేయిస్తుంది, అంతే.

ఆ వెండి మెడల్ కూడా ఒట్టి మాట మీద కొనేది కాదు. 1914-18 నాటి బ్రిటిష్ వార్ మెడల్ అడ్డం 36 మిల్లీమీటర్లు. కంసాలి వాడే పది రెట్ల భూతద్దం, వెర్నియర్ కాలిపర్, అయస్కాంతం తీసుకెళ్లమనండి. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు, ఇనుము మీద పూత. ఒరిజినల్ పేరు ఆకురాయితో గీకేసి వేరే పేరు కొట్టినవి చాలా తిరుగుతుంటాయి. అలాంటిదాన్ని నాలుగు వైపులా కొలిస్తే ఒకచోట 36, ఇంకోచోట తక్కువ వస్తుంది. భూతద్దంలో అంచు మీద ఆకురాయి గీతలు కనిపిస్తాయి. పోత పోసిన నకలైతే అక్షరాల అంచులు మొద్దుబారి, పైన సూది గుచ్చినట్టు సన్నటి గుంటలుంటాయి. సైజూ కాస్త తగ్గుతుంది, ఎందుకంటే పోత చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. అదే మెడల్ కంచులో కనిపిస్తే మాత్రం వెంటనే నకలనుకోవద్దు. లేబర్ కోర్‌లో, కూలిదళాల్లో పనిచేసినవాళ్లకు కంచువే ఇచ్చారు. ఇంకో మాట: మొదటి యుద్ధం మెడల్స్‌కు వందేళ్లు దాటాయి. 1972 పురావస్తువుల చట్టం కిందికి వచ్చే వస్తువును విదేశాలకు పంపడం కుదరదు. ఆన్‌లైన్‌లో విదేశీ కొనుగోలుదారు దొరికాడని సంబరపడి పోస్టులో వేసేస్తే చిక్కుల్లో పడతారు.

తమ్ముడికి ఫోన్ చేసి సర్దిచెప్పబోకండి. “మూడు మెడల్సూ ఇంట్లోనే ఉన్నాయి, ఎక్కడికీ పోవు” అని మెసేజ్ పెట్టి, వెనక వైపు, అంచు ఫొటోలు పంపండి. ఫోన్ ఎత్తకపోయినా తాతయ్య పేరు కనిపించే ఫొటో చూడకుండా ఉండడు. తర్వాత మీ అమ్మగారి సమక్షంలో ఒక కాగితం రాసుకోండి: ఏవేవి ఉన్నాయి, ఎవరి దగ్గరుంటాయి, అందరూ ఒప్పుకోకుండా అమ్మడం, మార్చడం ఉండదు అని.

బావనూ బావమరిదినీ కలపడానికి ఒక పని అప్పజెప్పండి. తాతయ్య సర్వీసు వివరాలు తవ్వితీయాలి. ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి కాగితం, పెన్షన్ పుస్తకం ఉన్నాయేమో అమ్మగారిని వెతకమనండి. అన్నిటికన్నా ముఖ్యం మెడల్ మీద చెక్కిన ఆ సైనిక నంబరు. పేరును రాసుకున్న గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు, ఇంటిపేరు వదిలేసేవాడు. వెంకటస్వామి అన్న ఒక్క పేరే నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. శాపర్స్ అయితే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్‌కు, మద్రాస్ రెజిమెంటే అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్‌కు రాయాలి. నంబరు, హోదా, తండ్రి పేరు, ఊరు, తాలూకా, మీకు బంధుత్వం రుజువు చేసే కాగితం జతచేయండి. గుంటూరు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దారి సులువవుతుంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ వెబ్‌సైట్‌లో చనిపోయినవారి పేర్లే ఉంటాయి, తిరిగొచ్చిన తాతయ్య అక్కడ కనిపించడు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్‌లోనూ ఎక్కువగా శౌర్య పతకాలు, అధికారుల నియామకాల వంటివే ఉంటాయి. చాలామంది ఈ రెండింట్లో వెతికి, లేదని నిరాశపడి ఆపేస్తారు.

చింతపండు విషయంలో అత్తగారిని తిట్టడం అన్యాయం. ఇత్తడి బిందె తళతళలాడాలన్న అలవాటు ఆవిడది. కాకపోతే పులుపు లోహం పైపొరను తినేస్తుంది, స్టార్లు పచ్చిరాగిలా ఎర్రబడతాయి, పిప్పి అక్షరాల్లో ఇరుక్కుంటుంది, రిబ్బను మరకలవుతుంది. బ్రాసో లాంటి ఇత్తడి పాలిష్ అయితే పేరునే అరగదీస్తుంది. జరిగినదాన్ని వెనక్కి తేలేం. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో రిబ్బను తడవకుండా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పాత రిబ్బను చిరిగినా మార్చొద్దు. మెత్తటి పీవీసీ కవర్లు, రబ్బరుబ్యాండ్లు, న్యూస్‌పేపరు వద్దు. పీవీసీ జిగురుగా మారి పచ్చటి మరక పెడుతుంది, రబ్బరు వల్ల వెండి నల్లబడుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికాజెల్ పొట్లం వేసి, స్టీలు బీరువాలో పెట్టండి. పచ్చటి పొడి మళ్లీమళ్లీ వచ్చేదాన్ని మిగతావాటికి దూరంగా ఉంచండి.

డబ్బు దగ్గర మెత్తబడొద్దు. గాజులు విడిపించేదాకా కొత్త కొనుగోలు లేదు. ఉన్నవాటన్నిటికీ ఒక నోటుబుక్కు పెట్టించండి: కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, బరువు, అంచు మీద ఉన్నది ఉన్నట్టుగా. ఏ వస్తువు ఎవరిదో, ఏ దళానిదో ఒక్క వాక్యం రాయలేకపోతే అది అమ్మకానికి. చాలా వాటికి కొన్న ధర రాదు, అది ముందే అనుకోండి. వెండివి మాత్రం అంచు చదవకుండా సరాఫు దగ్గర తూకానికి వేయనివ్వొద్దు, కరిగితే పేరు పోయినట్టే.

ఆ పుస్తకం రాయడానికి ఆయన ఒప్పుకుంటే మీ ఇంటి గొడవ సగం తీరినట్టే. ఒప్పుకోకుండా మళ్లీ దాచి కొంటూ, మళ్లీ అప్పు చేస్తుంటే అది అభిరుచి దాటి వ్యసనంలోకి వెళ్తోందని అర్థం. అప్పుడు వాదించకుండా సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు మీరు ముందుగా ఫోన్ చేసి, ఎలా ఒప్పించాలో అడగొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.