సమానత్వమా, సమతా, తగవా?

సందేహం: మాది హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆడా మగా, ట్రాన్స్‌జెండర్లు, వికలాంగులు, ఏ కులం ఏ మతం వాళ్లయినా ఉద్యోగంలో తేడా చూపించబోమని చెప్పే డీఈఐ ప్రకటనను తెలుగులో రాసి గేటు దగ్గర పెట్టాలన్నారు. డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్ అన్న మూడింటినీ పట్టుకుని ‘మా సంస్థ వైవిద్యం, సమానత్వం మరియు సమ్మిళితత్వమునకు కట్టుబడి ఉన్నది’ అని రాశాను. ఈక్విటీకి సమానత్వం కుదరదని మా మేనేజరు గారు అంటున్నారు. ఏది సరి? — ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: అమ్మా, ముందు మీ ‘వైవిద్యం’ సంగతి. వివిధం నుంచి వచ్చింది వైవిధ్యం. ఆ ఒత్తు పీకేస్తే చదివేవాళ్లకు వైద్యం గుర్తొస్తుంది. ఈ మధ్య అచ్చులో కూడా ఈ తప్పు కనిపిస్తోంది; పట్టించుకునేవాళ్లు లేరు.

ఇక మేనేజరు గారి అభ్యంతరం. ఈక్విటీకి తెలుగులో సూటైన మాట ఒకటి ఉండేది. మనమే దాన్ని పాడుచేసుకున్నాం. అది తగవు. నవ్వకండి.

తగు అనే ధాతువు ఎంత చిన్నదో అంత పనిమంతురాలు. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అని బడిలో అందరం వల్లించాం. వినదగు అంటే వినడానికి తగినది. తగిన, తగ్గట్టు, తగని, ఆఖరికి ‘తగుదునమ్మా అని వచ్చాడు’ అనే దెప్పుడు కూడా దీని సంతానమే. ఏది తగునో అది తగవు. పాత కవులకు తగవు అంటే న్యాయం, ఔచిత్యం. తగవరి అంటే న్యాయం తప్పనివాడు, నలుగురూ పిలిచి మధ్యవర్తిగా కూర్చోబెట్టేవాడు. తమిళంలోనూ తగవు ఉంది, అక్కడ దానికి మర్యాద తగ్గలేదు. తిరుక్కుఱళ్‌లో పక్షపాతం లేకపోవడం గురించిన అధ్యాయంలోనే ‘తక్కార్ తగవిలర్’ అని ఒక కుఱళ్, అంటే రెండు పాదాల పద్యం, మొదలవుతుంది. ఎవరు తగినవారో, ఎవరు తగవు లేనివారో వాళ్లు వదిలిపోయినదాన్ని బట్టి తెలుస్తుందని భావం.

మరి న్యాయం కాస్తా పోట్లాట ఎలా అయింది? ఇద్దరు గొడవపడి తగవరి దగ్గరికి వెళ్తారు. ఆయన తగవు చెప్తాడు, తగవు తీరుస్తాడు. తీర్చేది తగవు అయినప్పుడు తీరకముందు ఉన్నదీ తగవే కదా అనుకున్నారు జనం. అలా తీర్పు పేరు వ్యాజ్యానికి అంటుకుంది. దీనికి తోడు తగాదా ఒకటి వచ్చిపడింది. అది మన తగు నుంచి పుట్టింది కాదు. అరబ్బీ తఖాజా; బాకీ కట్టమని గట్టిగా అడగడం దాని అర్థం, ఉర్దూ మీదుగా మన ఊళ్లకు చేరింది. రెండూ ఒకేలా వినిపించడం వల్ల తగవుకు పోట్లాట అర్థమే స్థిరపడిపోయిందని నా అనుమానం. రుజువు చూపమంటే చూపలేను.

తగవుకూ సమానత్వానికీ తేడా ఎక్కడంటారా? రాతపరీక్షలో అందరికీ గంట టైము ఇస్తే అది సమానత్వం. స్క్రైబుతో రాయించుకునే వికలాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అది తగవు. ఎవరికి ఎంత తగునో అంత.

అలాగని సమానత్వాన్ని కొట్టేయలేను. మన రాజ్యాంగంలో 14 నుంచి 18 దాకా ఉన్న అధికరణాలన్నీ సమానత్వపు హక్కు కిందివే. స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(3), ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు దారిచ్చే 16(4) కూడా ఆ కిందే ఉన్నాయి. రాజ్యాంగం ఒకే గొడుగు కింద పెట్టినవాటిని మీ మేనేజరు గారు విడదీస్తున్నారు. విడదీయడం మంచిదే, కానీ మీది తప్పని అనడానికి లేదు. సమత అన్నా నాకు అభ్యంతరం లేదు. తగవు మాత్రం గేటు మీదికి ఎక్కించకండి. ‘మా కంపెనీలో తగవుకే పెద్దపీట’ అని చదివితే ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు అటునుంచి అటే వెళ్లిపోతారు.

ఇక ఇన్‌క్లూజన్. సమ్మిళితం పంచవర్ష ప్రణాళికల భాష, పత్రికలు అలవాటు చేశాయి. దానికి మళ్లీ ‘త్వం’ తగిలించడం దేనికి? కలుపుకోవడం నయమే కానీ, అందులో కలుపుకునేవాడు ఒక మెట్టు పైన ఉన్నట్టుంటుంది. వేమన్న ‘ఉర్వివారికెల్ల నొక్క కంచము బెట్టి, పొత్తు గుడిపి’ అన్నాడు. పొత్తు కుడవడం అంటే కలిసి తినడం, ఒకరు పెడితే ఒకరు పుచ్చుకోవడం కాదు. పలనాటి బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఇదే. ఇప్పుడు పొత్తు అనగానే ఎన్నికల సీట్ల బేరమే గుర్తొస్తుంది కాబట్టి ఆ మాటా మీకు పనికిరాకపోవచ్చు.

‘మరియు’ తీసేయండి. తెలుగులో రెండు మాటల్ని కలపడానికి దీర్ఘం చాలు. ‘కట్టుబడి ఉన్నది’ కూడా వద్దు. ఏం చేస్తారో రాయండి. నన్నడిగితే ఇలా రాస్తాను: ‘ఇక్కడ రకరకాల మనుషులం పనిచేస్తాం. ఎవరికి తగిన ఏర్పాటు వాళ్లకు ఉంటుంది. ఎవరినీ బంతిలోంచి లేపం.’ బంతి అంటే భోజనాల వరుస; అది మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు క్రికెట్ బంతిలా కనిపిస్తుందనిపిస్తే ఆఖరి వాక్యం మార్చుకోండి.

ఆ కింద ర్యాంపు ఎటువైపుందో, సంజ్ఞాభాష దుబాసీ కావాలంటే ఎవరిని అడగాలో రాయండి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ వికలాంగులకు ఏ సదుపాయాలున్నాయో, చూసే అధికారి ఎవరో తన సమాన అవకాశాల విధానంలో చెప్పాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నియమాలు అంటున్నాయి. ట్రాన్స్‌జెండర్ల ఫిర్యాదులు చూడడానికి ఒకరిని నియమించాలని 2019 చట్టం కూడా చెబుతోంది. వాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ గేటు దగ్గర కాపలా ఉండే ఆయన కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయించండి.