బాల్టిక్ ద్వీపంలో గేమ్ డిజైన్ చదువు: గాలి, తాడు, మౌనం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పెద్ద నగరాలకు దూరంగా సముద్రపు ఒడ్డున ఉన్న క్యాంపస్‌లో గేమ్ డిజైన్ చదివితే విదేశీ విద్యార్థికి మేలా, చేటా అన్నది మొదటిది. నలుగురిలో చొరవగా మాట్లాడే అలవాటు లేని మనిషి ఆ చదువును నెట్టుకురాగలడా అన్నది రెండవది. స్వీడన్‌లోని గాట్లాండ్ ద్వీపంలో, విస్బీ పట్టణంలో ఉన్న ఉప్సాలా విశ్వవిద్యాలయపు క్యాంపస్‌లో నేను ఈ చదువు చదివాను. అందువల్ల నా మాటలు ఆ ఒక్క చోటికే వర్తిస్తాయని గుర్తుంచుకొని చదవండి.

గాట్లాండ్ బాల్టిక్ సముద్రంలో ఉంది. స్టాక్‌హోం నుంచి లోకల్ రైలులో గంట సేపు ప్రయాణించి న్యూనెస్‌హామ్న్ రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కితే మూడు గంటల పైచిలుకులో విస్బీ వస్తుంది. పాత ఊరి చుట్టూ మధ్యయుగాలనాటి కోటగోడ దాదాపు 3.5 కిలోమీటర్ల పొడవున ఇప్పటికీ నిలిచి ఉంది. 1995 నుంచి ఆ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ ఒకప్పుడు విడిగా ఉన్న ఉన్నత విద్యాసంస్థ 2013లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో విలీనమైంది. తరగతులు రేవుకు దగ్గరలోనే జరుగుతాయి కనుక సముద్రం ఎప్పుడూ కంటికి ఎదురుగానే ఉంటుంది.

అయితే ఆ సముద్రం మీరు ఊహిస్తున్న సముద్రం కాదేమో. మొదటి రెండు వారాలు నేను కూడా ఫోటోలు తీసుకున్నాను. ఆ తరువాత సముద్రం అంటే నాకు గాలి అని మాత్రమే అర్థమైంది. డిసెంబరు చివర్లో పగలు దాదాపు ఆరున్నర గంటలే ఉంటుంది, మధ్యాహ్నం మూడున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఊరు పడమటి తీరంలో ఉండటం వల్ల ఆ అస్తమయం నీటి మీదే జరుగుతుంది. అందుకని మా జట్టు రోజూ ఫీకాను, అంటే స్వీడన్ వారు నియమంగా పాటించే కాఫీ విరామాన్ని, సరిగ్గా ఆ వేళకు మార్చుకొని కిటికీ దగ్గర నిలబడేది. మాకు ఆ రోజుకు దొరికే ఎండ అంతే. ఫిబ్రవరి వచ్చేసరికి ఇద్దరు సహాధ్యాయులు ఉదయం లేవడమే మానేశారు. చీకటిని తేలికగా తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ద్వీపం కావడం వల్ల కలిగిన మేలు వేరే ఉంది. సహాధ్యాయులందరూ నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంటారు, వారాంతంలో వెళ్లడానికి మరో చోటు ఉండదు, కాబట్టి ల్యాబ్‌లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక ప్రోటోటైప్‌ను, అంటే ఆట తొలి నమూనాను, కెలుకుతూ కనిపిస్తారు. కానీ అదే కారణంగా ప్లేటెస్ట్‌కు, అంటే తయారవుతున్న ఆటను ఆడించి చూడటానికి, మనుషులు కరువవుతారు. ఒక ఆటను మొదటిసారి ఆడే మనిషి ఎక్కడ తికమకపడతాడో ఆ ఒక్కసారే తెలుస్తుంది, రెండోసారికి అతనికి దారి తెలిసిపోతుంది. అందుకే ఈ రంగంలో అలాంటివారిని క్లీనెక్స్ టెస్టర్లు అంటారు, వాడి పడేసే కాగితపు రుమాలు లాగా ఒకసారికే పనికివస్తారు కనుక. మా తరగతిలో అందరూ అందరి ఆటలూ నవంబరుకల్లా ఆడేశారు. అక్కడి గ్రంథాలయం విశ్వవిద్యాలయానికీ ఊరి ప్రజలకూ ఉమ్మడిది కావడంతో, మేము ల్యాప్‌టాప్ పట్టుకొని అక్కడ పత్రికలు చదువుకునే పెద్దవాళ్లను బతిమాలుకునేవాళ్లం. జీవితంలో గేమ్ కంట్రోలర్ ముట్టుకోని ఒక పెద్దావిడ మా మొదటి లెవెల్‌లో 11 నిమిషాలు కదలకుండా నిలబడిపోయారు. ఆ 11 నిమిషాలు నాకు నేర్పినంత ఏ ఉపన్యాసమూ నేర్పలేదు.

ఇక మీ రెండవ ప్రశ్న. నిజానికి విదేశీ విద్యార్థికి అసలు కష్టం ఇక్కడే ఉంది, చలిలో కాదు. అక్కడ అధ్యాపకులను పేరు పెట్టి పిలుస్తారు, పనంతా ఆరుగురు ఎనిమిది మంది జట్లలో సాగుతుంది, ప్రతి నిర్ణయమూ అందరూ ఒప్పుకునేదాకా చర్చించి తీసుకుంటారు. ఆ చర్చలో మౌనంగా ఉంటే అంగీకరించినట్లే లెక్క. పెద్దల ముందు నోరు మెదపకపోవడమే మర్యాద అని నేర్చుకొని వెళ్లిన నాకు ఈ లెక్క అర్థం కావడానికి ఒక ప్రాజెక్టు మొత్తం పట్టింది. మా మొదటి ఆటలో పాత్ర దూకే దూరం మిగతా లెవెల్ కొలతలతో పొసగదని నాకు మొదటి రోజే తెలుసు, అయినా చెప్పలేదు. రెండు వారాల తరువాత ఆ లెవెల్ మొత్తం తీసిపారేయాల్సి వచ్చింది. అప్పుడు జట్టులోని ఒక స్వీడిష్ అమ్మాయి, కోపం లేకుండా, నిజంగా అర్థంకాక అడిగింది: "నీకు ముందే తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత నేను చురుకుగా మాట్లాడే మనిషిగా మారిపోలేదు. నేను చేసిందల్లా చూసింది రాసుకోవడమే. ప్లేటెస్ట్ జరిగేటప్పుడు ఆట తయారుచేసినవాళ్లు ఏమీ వివరించకూడదన్నది నియమం. ఆడే మనిషి తప్పు దారిలో పోతున్నా, గోడకు తల బాదుకుంటున్నా ఊరకే చూస్తూ ఉండాలి. మాటకారులకు ఇది ప్రాణసంకటం, నోరు ఊరుకోదు. నాకు మాత్రం అది సహజంగానే అబ్బింది. పక్కన కూర్చొని గడియారం చూసుకుంటూ, 2:40కి ఆగిపోయాడు, 3:15కి మెనూలోకి వెళ్లాడు, 3:50కి నా ముఖం చూశాడు అని రాసుకునేవాణ్ణి. సమావేశంలో ఆ కాగితం పైకి చదివితే చాలు, అది నా అభిప్రాయం కాదు కనుక గొంతు వణికేది కాదు, దానితో వాదించడానికీ ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

వేసవి మొదట్లో జరిగే గాట్లాండ్ గేమ్ కాన్ఫరెన్స్‌లో విద్యార్థుల ఆటలను ఊరివాళ్ల ముందు, పరిశ్రమ నుంచి వచ్చినవారి ముందు ప్రదర్శిస్తారు. మా జట్టు దానికోసం ఒక ఆర్కేడ్ యంత్రం చేసింది. చెక్కపెట్టెకు రెండు వైపులా రెండు తాళ్లు ఉంటాయి; ఇద్దరు మనుషులు వాటిని లాగుతూ తెర మీద పడవ తెరచాపను సరిచూసుకోవాలి. తాడు చుట్టుకున్న కప్పీకి ఒక పొటెన్షియోమీటర్, అంటే రేడియో వాల్యూమ్ మీటలాంటి తిరిగే భాగం, బిగించి, అది ఎంత తిరిగిందో ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు చదివేలా అమర్చాం. అలాంటి పొటెన్షియోమీటర్ సుమారు 270 డిగ్రీలు తిరిగి ఆగిపోతుంది. పెద్దవాళ్లు అక్కడ ఆగారు. ప్రదర్శన మొదటి ఉదయం ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు వచ్చి, ఆగిన చోట ఆగడం ఏమిటన్నట్లు రెండు కాళ్లూ పెట్టెకు ఆనించి లాగాడు. లోపల పొటెన్షియోమీటర్ టక్కుమని విరిగిన చప్పుడు వినిపించింది, తెర మీద తెరచాప గిలగిలా కొట్టుకుంది. పిల్లవాడు మాత్రం తుఫాను వచ్చిందనుకొని కేరింతలు కొట్టాడు.

ఆ రాత్రి పొటెన్షియోమీటర్ తీసేసి, అడ్డూ ఆపూ లేకుండా తిరిగే రోటరీ ఎన్‌కోడర్ పెట్టాం. అయితే మేము పెట్టిన రకం ఎన్‌కోడర్‌కు ఎంత తిరిగిందో తెలుస్తుంది తప్ప ఎక్కడ ఉన్నదో తెలియదు. కాబట్టి ఆట మొదలయ్యే ప్రతిసారీ తాడును పూర్తిగా వదలమని తెర మీద చెప్పి, అక్కడి నుంచి సున్నా లెక్కించేలా కోడ్ మార్చాం. నా కాగితంలో ఆ పిల్లవాడి పేరిట ఉన్నది ఒక్క వాక్యమే: "విరిగిన తరువాతే ఎక్కువ ఆనందించాడు." మరునాటి ఉదయానికి నిజంగానే ఒక తుఫాను ఘట్టం చేర్చాం. అప్పుడు ఆ మాట సమావేశంలో చెప్పింది నేనే.

డబ్బు, ఇల్లు విషయాలు క్లుప్తంగా చెబుతాను. ఐరోపా సమాఖ్య, ఐరోపా ఆర్థిక ప్రాంతం, స్విట్జర్లాండ్‌ల బయటివారికి స్వీడన్‌లో 2011 నుంచి ఫీజు ఉంది, దరఖాస్తుకు 900 క్రోనాలు వేరు. ఆగస్టు చివరలో మొదలయ్యే చదువుకు అంతర్జాతీయ దరఖాస్తుల గడువు జనవరి మధ్యలోనే ముగుస్తుంది. మొదటి విడత ఫీజు కట్టిన తరువాతే నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. ఇల్లు వెతికేటప్పుడు ఒప్పందం ఏ నెలతో ముగుస్తుందో తప్పక చూడండి. వేసవిలో విస్బీకి పర్యాటకులు వెల్లువలా వస్తారు, ఆగస్టులో మధ్యయుగ వారోత్సవం కూడా ఉంటుంది, అందువల్ల కొందరు యజమానులు విద్యార్థులకు గది జూన్ దాకా మాత్రమే ఇస్తారు. నేను ఆ వాక్యం చదవకుండా సంతకం పెట్టి, ప్రదర్శన ముగిసిన నాలుగో రోజున రెండు పెట్టెలతో వీధిలో నిలబడ్డాను.

ఉద్యోగాల సంగతి చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. ద్వీపంలో ఈ రంగపు కొలువులు చాలా తక్కువ; మోజాంగ్, పారడాక్స్, డైస్ వంటి సంస్థలన్నీ స్టాక్‌హోంలో ఉన్నాయి. నేను చదివిన రోజుల్లో చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది దాకా అనుమతి పొందే వీలుండేది, దానికి పాత అనుమతి గడువు తీరకముందే దరఖాస్తు చేయాలి. 2023 నుంచి పరిశ్రమలో కోతలు ఎక్కువై, అనుభవం లేనివారికి తలుపులు ఇరుకయ్యాయి. నాకు ఎనిమిది నెలలు పట్టింది, దొరికింది కూడా ఒక చిన్న స్టూడియోలో టెస్టర్ పని. ఇంటర్వ్యూలో నేను చూపించిన ఆటల కన్నా, తాడు యంత్రం గురించి నేను రాసుకున్న ఆ ఆరు పేజీలనే వాళ్లు ఎక్కువసేపు తిరగేశారు.