ఆడమ్స్‌ని ఓటమి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

జాన్ క్విన్సీ ఆడమ్స్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, భాష శుభ్రంగా ఉంది. కానీ మొత్తమ్మీద పెళ్లిసంబంధానికి పంపే బయోడేటాలా ఉంది. 1767లో పుట్టాడు, అమెరికా రెండో అధ్యక్షుడి కొడుకు, రష్యాలో రాయబారి, బ్రిటన్‌తో యుద్ధం ముగించిన ఘెంట్ సంధి, విదేశాంగ మంత్రి, ఆరో అధ్యక్షుడు... పదవికో పేరా రాశావు. అధ్యక్ష పదవి పోయాక ప్రతినిధుల సభలో (మన లోక్‌సభ లాంటిది) గడిపిన దాదాపు పదిహేడేళ్లకు మాత్రం నాలుగు లైన్లు! నేనైతే అక్కడే మొదలుపెడతాను.

1828 అధ్యక్ష ఎన్నికల్లో ఆండ్రూ జాక్సన్‌కి 178 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల తరఫున వేసేవి), ఆడమ్స్‌కి 83. కడుపుమంట ఎంతంటే జాక్సన్ ప్రమాణ స్వీకారానికి కూడా వెళ్లలేదు. 1829లోనే పెద్ద కొడుకు చనిపోయాడు. అరవై దాటిన మనిషి, ఊరెళ్లి పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటే కాదనేవాళ్లెవరు? కానీ 1830లో ప్లిమత్ నియోజకవర్గం వాళ్లు అడిగితే ప్రతినిధుల సభకు సరేనన్నాడు. అధ్యక్షుడిగా చేసిన మనిషి మామూలు సభ్యుడిగా వెళ్లడమేంటని ఇంట్లోవాళ్లకే నచ్చలేదు. గెలిచాక ఆయన డైరీలో రాసుకున్న మాట ఏమిటంటే, ఇంతకు ముందు ఏ ఎన్నికా ఏ నియామకమూ తనకి ఇంత సంతోషం ఇవ్వలేదని. నీ కథకు ఇంతకన్నా మంచి తలుపు దొరకదు.

ఆయన అధ్యక్షుడైన 1824 ఎన్నికల గొడవని వదిలెయ్యమనడం లేదు. కానీ ‘అవినీతి బేరంతో గెలిచాడు’ అని తీర్పు రాసేశావు. ఆ మాట జాక్సన్ వర్గం చేసిన ఆరోపణ. ముందు లెక్క చెప్పు. జాక్సన్‌కి 99, ఆడమ్స్‌కి 84, క్రాఫర్డ్‌కి 41, క్లేకి 37. ఎవరికీ మెజారిటీ లేదు కాబట్టి మొదటి ముగ్గురి పేర్లు ప్రతినిధుల సభకు వెళ్లాయి, అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. నాలుగోవాడైన హెన్రీ క్లే పోటీలో లేడు గానీ సభకు స్పీకర్ ఆయనే. 1825 ఫిబ్రవరి 9న 24 రాష్ట్రాల్లో 13 ఆడమ్స్ వైపు మొగ్గాయి, కొన్నాళ్లకే క్లే విదేశాంగ మంత్రి అయ్యాడు. మద్దతుకు బదులుగా ఆ పదవి ఇచ్చాడన్నదే ‘బేరం’ ఆరోపణ. ఓటింగ్‌కి నెల ముందు క్లే సాయంత్రం ఆడమ్స్ ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాడని డైరీలో ఉంది. తనకోసం ఏమీ అడగలేదని కూడా ఉంది. ప్రతి చిన్న విషయమూ పేజీలకు పేజీలు రాసే మనిషి ఆ రాత్రిని కొన్ని వాక్యాల్లో తేల్చేశాడు. అంతవరకు చెప్పి ఊరుకో, మిగతాది పాఠకుడు ఊహించుకుంటాడు.

ఇక అసలు సంగతికొస్తాను. రాజకీయ నాయకుడి గురించి రాసేవాళ్లు ఉపన్యాసాల మీద పడతారు. ఆడమ్స్ ఆయుధం ఉపన్యాసం కాదు, సభా నిబంధనలు. బానిసత్వానికి వ్యతిరేకంగా జనం, ముఖ్యంగా ఆడవాళ్లు, సంతకాలు చేసి పంపే అర్జీలు సభకి గుట్టలుగా వచ్చిపడేవి. 1836 మేలో సభ ఒక రూల్ చేసింది. అలాంటి అర్జీ ఏదొచ్చినా చర్చ లేకుండా, అచ్చు వెయ్యకుండా పక్కన పెట్టెయ్యాలి. అదే గ్యాగ్ రూల్, అంటే నోరు నొక్కే నిబంధన. మొదట్లో దాన్ని ప్రతి సమావేశంలో కొత్తగా ఆమోదించాల్సి వచ్చేది. ఆమోదించేలోపు దొరికే సందులో ఆడమ్స్ అర్జీలు గుప్పించేవాడు. 1840లో దాన్ని శాశ్వతం చేసేశారు. ఈ మెకానిజం పాఠకుడికి అర్థమయ్యేలా రాయి. రూల్ తెలిస్తేగానీ దాన్ని తిప్పికొట్టడంలో మజా తెలియదు.

ఉదాహరణకు 1837 ఫిబ్రవరి 6, సోమవారం. స్పీకర్ కుర్చీలో జేమ్స్ పోక్. ఆడమ్స్ లేచి, తన దగ్గర ఒక కాగితం ఉందని, బానిసలమని చెప్పుకునే 22 మంది దాన్ని పంపారని, ఇది ఆ రూల్ కిందికి వస్తుందో రాదో చెప్పమని అడిగాడు. గమనించు, అర్జీ ఇవ్వలేదు, సందేహం అడిగాడంతే. పోక్ ఎటూ తేల్చలేక సభకే వదిలేశాడు. బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాల సభ్యులు మండిపడ్డారు. కాగితం తగలబెట్టాలని ఒకరు, ఆడమ్స్‌ని అభిశంసించాలని ఇంకొకరు. వాళ్లు అరిచి అలిసిపోయేదాకా ఆగి, అయ్యా, ఈ అర్జీ మీరనుకుంటున్నదానికి పూర్తిగా వ్యతిరేకం అన్నాడు. అందులో అడిగింది బానిసత్వం రద్దు కాదు. దాంతో అభిశంసన తీర్మానాన్ని తిరగరాసుకోవాల్సి వచ్చింది, చివరికి అది వీగిపోయింది. అలాగని గెలుపు పూర్తిగా ఆయనదీ కాదు. బానిసలకు అర్జీ పెట్టుకునే హక్కే లేదని అదే సభ తీర్మానించింది. రెండూ రాయాలి.

‘జీవితాంతం బానిసత్వంపై పోరాడిన యోధుడు’ అన్న వాక్యం కొట్టెయ్. 1820లోనే బానిసత్వం దేశానికి పెద్ద మచ్చ అని డైరీలో రాసుకున్నాడు, కానీ అధ్యక్షుడిగా ఉన్న నాలుగేళ్లూ బయట నోరు మెదపలేదు. 1831 డిసెంబర్‌లో సభలో అడుగుపెట్టగానే పెన్సిల్వేనియా నుంచి వచ్చిన 15 అర్జీలు ఇచ్చాడు, ఇస్తూనే వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దుకు తాను మద్దతివ్వనన్నాడు. అక్కడినుంచి 1841లో అమిస్టాడ్ ఓడలో బానిసలుగా తీసుకెళ్తుంటే తిరగబడ్డ ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించేదాకా ఎలా వచ్చాడన్నదే కథ. మొదటి రోజు నుంచే యోధుణ్ణి చేసేస్తే చెప్పడానికి ఏం మిగులుతుంది?

డైరీ ఎక్కడ దొరుకుతుందని అడిగావు. 51 సంపుటాలు, 14 వేల పేజీల పైచిలుకు. మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. మొత్తం చదవాలని టెన్షన్ పడకు. నీక్కావాల్సిన తేదీలు తెరువు, పక్కనే సభా కార్యకలాపాల రికార్డు పెట్టుకో. తన గురించి తను రాసుకునేవాడు ఎంత నిజాయితీపరుడైనా రెండో సాక్షి ఉండాలి.

1848లో సభలోనే కుప్పకూలి, రెండు రోజుల తర్వాత స్పీకర్ గదిలో పోయిన దృశ్యంతో ముగించావు. అందరూ అదే చేస్తారు. నేనైతే 1844 డిసెంబర్ 3 దగ్గర ఆపుతాను. ఆ రోజు 108–80 ఓట్లతో గ్యాగ్ రూల్ రద్దయింది, ప్రతిపాదించింది ఆయనే. ఆ ఎనిమిదేళ్లలో ఉత్తరాది సభ్యులు ఒక్కొక్కరుగా ఎందుకు మారారో రెండు పేజీలు రాయి, నీ వ్యాసంలో అది అసలు లేదు.

ముందు ఆ సోమవారం ఘట్టం ఒక్కటే రాసి పంపు. బాల్యం, యూరప్ ప్రయాణాలు ఇప్పుడే ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య