కొల్లేరు పక్కన కోళ్లకు బర్డ్ ఫ్లూ ముప్పు ఎంత?

అన్నా, చలికాలం వలస పక్షులు దిగుతున్నాయి, ఇంటి దగ్గరున్న 60 నాటుకోళ్లకు బర్డ్ ఫ్లూ అంటుతుందేమోనని టెన్షన్‌గా ఉందని మీరన్నారు. పైన ఎగిరే పక్షి కన్నా, అది రెట్ట వేసిన నీళ్లే ప్రమాదం. చల్లని నీటిలో ఆ వైరస్ వారాల తరబడి బతుకుతుంది. కాబట్టి ముందు చూడాల్సింది, మీ కోళ్లు ఏ నీళ్లు తాగుతున్నాయో. చెరువు నీళ్లయితే వెంటనే బోరు నీళ్లకు మార్చండి.

నా అసలు అనుమానం మీ పెంపుడు బాతుల మీదే. పగలు అడవి బాతులతో కలిసి ఈది, సాయంత్రం కోళ్ల గూటికే వస్తాయి. జబ్బు కనిపించకుండానే వైరస్ మోయగలవు. వాటిని విడిగా కట్టేయండి. మేత మీద వల కప్పండి, గూట్లోకి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు వేసుకోండి.

కోళ్ల తల మీది తురాయి నీలంగా మారి ఒక్కసారిగా చనిపోతుంటే కోయొద్దు, అమ్మొద్దు. పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.