మైకు అందుకునే ముందు ఒక మాట

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వచ్చే నెల సభలో "ఆటిజం ఉన్నవాళ్ల తరఫున" మాట్లాడమని నిన్ను పిలిచారని రాశావు. బాబుకి ఆరేళ్లు, ఇంకా మాటలు రాలేదు, వాడి కోసం నేను కాకపోతే ఇంకెవరు మాట్లాడతారు బాబాయ్ అని అడిగావు. టెన్షన్‌గా ఉంది, ఏం చెప్పమంటారు అన్నావు. ఏం చెప్పాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ "తరఫున" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఈ పాతికేళ్లలో నేను చేసిన తప్పుల్లో ఎక్కువ అక్కడ చేసినవే.

వెళ్లమనే చెబుతాను. కానీ నిర్వాహకులకు ఫోన్ చేసి, ఆహ్వానపత్రంలో ఆ ఒక్క ముక్క మార్పించు. "ఆటిజం ఉన్న బాబు తల్లి" అని వేయమను. అప్పుడు నువ్వు చెప్పే ప్రతి మాటా నీదే అవుతుంది. డాక్టరు గది బయట ఎన్ని గంటలు కూర్చున్నావో, బడులు ఏమని తిప్పి పంపాయో, నిద్రలేని రాత్రులు నిన్ను ఎలా చేశాయో చెప్పు. అవన్నీ నువ్వు పడ్డవి, ఎవరూ కాదనలేరు. ట్యూబ్‌లైటు వెలుతురు వాడి కళ్లకి ఎలా తగులుతుందో, చప్పుడు వాడి చెవిలో ఎలా మోగుతుందో మాత్రం నువ్వు చూసి ఊహించినవి. "నాకు ఇలా అనిపించింది" అని అవీ చెప్పొచ్చు. వాడే అంటున్నట్టు మాత్రం చెప్పకు. "అమ్మా, నన్ను ఈ చెరలోంచి విడిపించు" అని పిల్లవాడి గొంతుతో కవిత చదివే తల్లిదండ్రులను ఎందరినో చూశాను. నేనూ చదివాను. ఆ పిల్లలెవరూ ఆ మాట అనలేదమ్మా.

మావాడి సంగతి చెబుతాను. వాడికి పద్నాలుగేళ్లప్పుడు ఒక పెద్ద సభలో మాట్లాడాను. వాడి చిన్నప్పటి సంఘటన ఒకటి, బాత్రూముకి సంబంధించినది, వివరంగా చెప్పాను. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు మా సంఘానికి మంచి విరాళాలు కూడా వచ్చాయి. వాడు మూడో వరసలో వాళ్లమ్మ పక్కన కూర్చుని తనలో తాను ఏదో రాగం తీస్తున్నాడు. వాడు వింటున్నాడని నాకు తట్టనే లేదు. తర్వాత అదే సంగతి మరో పదిసార్లయినా చెప్పి ఉంటాను, బాగా పండేది కాబట్టి. వాడు టాబ్లెట్ మీద సొంతంగా టైపు చెయ్యడం నేర్చుకోవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఒకరోజు నేను మరో సభకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే టాబ్లెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. "ఆ కథ చెప్పకు" అని ఉంది. ఏ కథో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. ఆరేళ్లు ఆ మాట లోపల పెట్టుకుని, నేను ప్రతి సభకీ బయల్దేరుతుంటే నన్ను చూశాడు. ఆ సంఘటన ఏమిటో నీకు కూడా చెప్పను.

అందుకని నీకు ఇచ్చే సలహాల్లో ముందుది ఇది. బాబు గురించి ఏదైనా చెప్పబోయే ముందు, వాడు ఇరవై ఏళ్లవాడై ముందు వరసలో కూర్చున్నాడనుకో. అప్పుడు నోరు దాటని మాట ఇప్పుడూ దాటకూడదు. వాడు ఏడుస్తున్నప్పుడు, తల బాదుకుంటున్నప్పుడు తీసిన వీడియో ఎవరు అడిగినా ఇవ్వకు. జనానికి అర్థం కావాలంటే అది చూపించాలంటారు. మనం కుప్పకూలిపోయిన క్షణాన్ని ఎవరైనా తీసి నలుగురికీ చూపిస్తే ఒప్పుకుంటామా?

తల్లిదండ్రుల గొంతు అక్కర్లేదని నేననడం లేదు. ఆ గొంతు లేకపోతే మనం ఇక్కడిదాకా వచ్చేవాళ్లమే కాదు. 1950లు, 60లలో ఆటిజానికి తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమని పెద్దపెద్ద డాక్టర్లు నమ్మారు. అలాంటి తల్లికి "రిఫ్రిజిరేటర్ మదర్" అని పేరు కూడా పెట్టారు. బిడ్డ బాధ చాలదన్నట్టు ఆ నింద కూడా మోశారు ఆ తల్లులు. అమెరికాలో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు కొడుకుకీ ఆటిజమే. ఇది పెంపకం లోపం కాదు, శరీరంలో మూలం ఉన్న విషయం అని వాదిస్తూ ఆయన 1964లో పుస్తకం రాశాడు. 1962లో బ్రిటన్‌లో, 1965లో అమెరికాలో తల్లిదండ్రులే సంఘాలు పెట్టుకున్నారు. పిల్లలకు బడి కావాలని పోరాడింది వాళ్లే. ఆ రోజుల్లో వాళ్లు "మా పిల్లల తరఫున" అన్నారంటే, వేరే దారి లేక అన్నారు.

కానీ ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఈ సంగతి మనలో చాలామందిమి గమనించలేదు. 1993లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులతో సూటిగా మాట్లాడారు. మీరు ఏడుస్తున్నది మీరు ఊహించుకున్న బిడ్డ రాలేదని, ఆ దుఃఖం మీది, దాన్ని మీరు వేరేచోట తీర్చుకోండి, మా కోసం మాత్రం ఏడవకండి, మేం ఇక్కడే ఉన్నాం, మీ కోసం చూస్తున్నాం, ఇదీ ఆ మాటల సారాంశం. ఆ ప్రసంగం చదివినప్పుడు మొదట నాకు కోపమే వచ్చింది. నా కష్టం ఈ మనిషికి ఏం తెలుసు అనుకున్నాను. నెమ్మదించడానికి చాలాకాలం పట్టింది.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. 2007 డిసెంబరులో న్యూయార్కులో పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రం ఒకటి వీధుల్లో ప్రకటనలు పెట్టింది. కిడ్నాపర్లు పంపే చీటీలా రాశారు: మీ అబ్బాయి మా దగ్గర ఉన్నాడు అని, కింద "ఆటిజం" అని సంతకం. పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు, జనం కళ్లు తెరిపించాలనే. కానీ ఆ వీధిలో నడిచే ఆటిస్టిక్ మనిషి అది చదివితే ఏమవుతుంది? ఆటిస్టిక్ వ్యక్తులే 2006లో పెట్టుకున్న ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్, ఇతర వికలాంగుల సంఘాలను కలుపుకుని నిరసన తెలిపింది. ఆ నెలలోనే ప్రకటనలు తీసేశారు. పెట్టకముందు ఒక్క ఆటిస్టిక్ మనిషికి చూపించినా ఆ ప్రకటన గోడ ఎక్కేది కాదు. ఆటిజం స్పీక్స్ అనే పెద్ద సంస్థ సంగతీ అంతే. 2005లో మొదలైంది, పేరులోనే "మాట్లాడుతుంది" అని ఉంది, కానీ దాని బోర్డులో ఆటిస్టిక్ సభ్యులు మొదటిసారి కూర్చున్నది 2015లో. అప్పటికి పదేళ్లు గడిచాయి.

ఇప్పుడు నీ మనసులో ఉన్న ప్రశ్నకి వస్తాను. నువ్వు ఉత్తరంలో సగం రాసి ఆపేశావు, నేను పూర్తి చేస్తాను. "వేదికెక్కి అంత చక్కగా మాట్లాడేవాళ్లు మా బాబులాంటివాళ్లు కాదు కదా!" ఈ మాట తీసిపారేసేది కాదు. రోజంతా ఒకరు పక్కన ఉండాల్సిన మనిషి జీవితం వేరు, ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉండగలిగే మనిషి జీవితం వేరు. ఎక్కువ సాయం కావలసినవాళ్ల సమస్యలు వెనక్కి పోతున్నాయని భయపడే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఆ భయం నాకూ ఉంది.

అయితే ఆ మాటని ఎలా వాడుతున్నామో చూడు. మాట్లాడే ఆటిస్టిక్ మనిషి వస్తే "నువ్వు మా పిల్లవాడిలా లేవు, నీకేం తెలుసు" అంటాం. మాట్లాడలేని మనిషి వస్తే "తనకి చెప్పుకోవడం రాదు, మేం చెబుతాం" అంటాం. ఇద్దరూ పోయాక మిగిలేది మనమే. ఎటు తిప్పినా మైకు మన చేతికే వస్తోందంటే ఆ లెక్కలో ఏదో తప్పుంది.

పైగా వేదిక మీద ఆ పావుగంట చూసి ఆ మనిషి జీవితమంతా అలాగే సాఫీగా ఉంటుందనుకుంటాం. అలా మాట్లాడి వెళ్లి, రెండు రోజులు చీకటి గదిలోంచి బయటికి రాలేని ఒకావిడ నాకు తెలుసు. మావాడు కుళాయి నీళ్ల కింద చెయ్యి పెట్టి గంటలు గంటలు ఎందుకు నిలబడతాడో నాకు మొదట అర్థం చేయించింది ఆవిడే. చిన్నప్పుడు తనూ అలాగే చేసేదట. మావాడికీ ఆవిడకీ చదువులో, మాటలో పోలికే లేదు. ఆ నీళ్ల దగ్గర మాత్రం ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ సామాజికశాస్త్రవేత్త 2012లో ఒక మాట అన్నారు: అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంది, వాళ్లకు మనం ఎంత అర్థం కామో మనకు వాళ్లూ అంతే అర్థం కారని. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరస, ఎవరూ కాని వరస, రెండూ సమానంగా చేశాయి. కలగలిపిన వరసలోనే కథ ఎక్కువగా జారిపోయింది.

అలాగని ఏ ఒక్క ఆటిస్టిక్ మనిషీ అందరి తరఫునా మాట్లాడలేరు. నిజాయితీ ఉన్నవాళ్లు ఆ మాట వాళ్లే చెబుతారు. అందుకే ఒకరిని పిలిచి పని అయిపోయిందనుకోకూడదు. ముగ్గురు నలుగురిని పిలవాలి, అందులో నోటితో మాట్లాడనివాళ్లు తప్పకుండా ఉండాలి.

మాట్లాడనివాళ్లని ఎలా పిలుస్తాం అంటావా? బొమ్మల బోర్డు ఉంది, టాబ్లెట్ ఉంది, ముందే రాసి ఇచ్చింది ఇంకొకరు చదవొచ్చు. మెల్ బ్యాగ్స్ అనే ఆటిస్టిక్ వ్యక్తి 2007లో ఒక వీడియో పెట్టారు. మొదటి సగం కదలికలు, కూనిరాగం, నీళ్లతో ఆట. రెండో సగంలో టైపు చేసినది యంత్రం చదువుతుంది. మొదటిదే తన భాష అని చెప్పారు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్లవాడి చెయ్యో మోచెయ్యో పట్టుకుని టైపు చేయించే పద్ధతి ఒకటి ఉంది, ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అంటారు. దాని జోలికి పోకు. 1990లలో పరీక్షలు చేశారు. పిల్లవాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్లకి ఇంకో బొమ్మ చూపిస్తే, టైపు అయినది చెయ్యి పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మే. వాళ్లు కావాలని మోసం చేసినవాళ్లు కాదు, తమ చెయ్యే నడిపిస్తోందని వాళ్లకే తెలియలేదు. మన మాటని బిడ్డ మాట అని నమ్మడం ఎంత తేలికో దాంతో తెలుస్తుంది.

ఇక నువ్వు చెయ్యాల్సిన పని. నిర్వాహకులు నిన్ను పిలిచారు కాబట్టి నీ మాట వింటారు, ఆ పలుకుబడి వాడు. వేదిక మీద ఆటిస్టిక్ వ్యక్తులు ఎవరెవరు ఉన్నారని అడుగు. ఎవరూ లేరంటే, నా సమయంలో సగం వాళ్లకివ్వండి అను. మనకి పక్క సంఘాల్లో ఆటిజం ఉన్న పెద్దవయసువాళ్లు తెలుసు, నేను కలుపుతాను. ప్రశ్నలు వారం ముందే పంపమను, అప్పటికప్పుడు అడిగితే చాలామందికి నోరు పెగలదు. హాల్లో లైట్లు తగ్గించమను, చప్పట్లకి బదులు చేతులు ఊపమను, పక్కన ఒక నిశ్శబ్దమైన గది ఉంచమను. చూపు కలపలేదని, వేళ్లు ఆడిస్తున్నారని ఎవరూ వ్యాఖ్యానించకూడదు. ముఖ్యంగా డబ్బు. డాక్టరుకి కవరిచ్చి, ఆటిస్టిక్ వక్తకి శాలువా కప్పి పంపడం నేను చాలాచోట్ల చూశాను. అది అన్యాయం, నువ్వు గట్టిగా అడగాలి. వాళ్లని నీ తర్వాత రెండు నిమిషాల "అనుభవం" చెప్పడానికి కాకుండా, ఏం చెయ్యాలో చెప్పడానికి పిలవమను.

ఎవరైనా ఇదంతా ఎందుకమ్మా అంటే, ఐక్యరాజ్యసమితి ఒప్పందం గుర్తుచెయ్యి. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందం నాలుగో అధికరణంలో, వాళ్లకి సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల సంఘాలను సంప్రదించి తీరాలని ఉంది, పిల్లలతో సహా. 2018లో ఇచ్చిన వివరణలో వికలాంగులే నడిపే సంఘాలు వేరు, వాళ్ల కోసం ఇతరులు నడిపే సంఘాలు వేరని విడదీశారు. మనలాంటి కుటుంబాలకూ అందులో చోటుంది. మన పని వాళ్ల గొంతు వాళ్లకి అందేలా సాయం చెయ్యడం అని రాశారు.

ఈ ఉత్తరం మావాడికి చూపించాకే పంపుతున్నాను. చదవడానికి వాడికి రెండు రోజులు పట్టింది. మూడో వరసలో కూర్చున్న సంగతి ఉంచమన్నాడు. నీళ్ల సంగతి రాసిన చోట ఇంకో రెండు వాక్యాలు ఉండేవి, అవి తీసెయ్యమన్నాడు. తీసేశాను.

నువ్వు మాట్లాడబోయేది రాసుకున్నాక పంపు. బాబుకి కూడా చదివి వినిపించు, అర్థం కాదనుకోకు.

ఆశీస్సులతో,
బాబాయ్