నీళ్ళా, కన్నీళ్ళా?

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అజ్టెక్‌ల బొమ్మల పుస్తకం మెండోసా కోడెక్స్‌లో రాజు బొమ్మకి పేరుగా తగిలించిన ఆ ముఖం, దాని మీదుగా జారే ధార చూసి ‘ఏడ్చేవాడు’ అని రాశావు. నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట నేనూ అదే రాసి మా మాస్టారి చేత చివాట్లు తిన్నాను. నా దగ్గరున్నది నలుపు తెలుపు జిరాక్సు మరి! రంగుల్లో చూస్తే తెలిసింది: నీలం పాయలు, వాటి కొసల్లో చుక్కలు, గవ్వలు. అవి కన్నీళ్ళు కావు, నీళ్ళు.

అజ్టెక్‌ల భాష నావాత్ల్‌లో నీళ్ళు ‘ఆత్ల్’, ముఖం ‘షాయాకాత్ల్’. రెండూ కలిసేచోట మొదటిదాని ‘త్ల్’ రాలిపోతుంది, గుర్రములో ‘ము’ పోయి గుర్రబ్బండి అయినట్టు. ఆషాయాకాత్ల్. 1469 నుంచి 1481 దాకా వాళ్ళ రాజధాని టెనోచ్టిట్లాన్‌ని ఏలినవాడు. తమాషా ఏంటంటే, ఆ మాట ఓ నీటిపురుగు పేరు కూడా. అందుకే బొమ్మ చూడగానే తెలుగులో కథ అల్లకు. ముందు వాళ్ళ భాషలో పైకి పలుకు.

పలికే వరస కూడా బొమ్మలో వెతక్కు. టెనోచ్టిట్లాన్ బొమ్మలో రాయి మీద నాగజెముడు మొలిస్తే కింద ఉన్న రాయే ముందు: తె (రాయి), నోచ్ (నాగజెముడు). పళ్ళు కనిపిస్తే చాలాసార్లు పళ్ళతో పనే ఉండదు, ‘త్లాన్’ అనే శబ్దం కోసం వేస్తారు.

వెషోత్సింకో అనే ఊరి 1560 నాటి మనుషుల జాబితాకి వెళ్ళినప్పుడు ఇంకో చిక్కు. బొమ్మ పక్కన రోమన్ అక్షరాల్లో పెద్రో అనో, హువాన్ అనో బాప్తిస్మం పేరు ముందుంటుంది. బొమ్మ సాధారణంగా రెండో పేరుకే, పెద్రో కోసం తడుముకోకు. ముఖం మీద ముడతలు ముసలితనానికి గుర్తు, పేరులో భాగం కాదు. ఎక్స్ అక్షరాన్ని ‘ష’ అని చదువు. పాము పేరు ఉంటే మనిషి విషం కక్కుతాడని కాదు; 260 రోజుల పంచాంగంలో పాము ఒక రోజు గుర్తు, పుట్టినరోజును బట్టి వచ్చుండొచ్చు. మనలో నక్కావారంతా జిత్తులమారులా?

ఇక నీ రెండో ఫొటో. పాము వీపు మీద నల్లగా ఉన్నవి ముళ్ళు కావు, రాతి మొనలు. ఏ రాయో, దాన్నేమంటారో మోలినా రాసిన 1571 నాటి నావాత్ల్ నిఘంటువులో వెతికి, చివర కత్తిరించి, పాము మాటకి ముందు తగిలించు. ఏ రాజు వచ్చాడో ఆదివారం ఫోన్‌లో చెప్పు.